కొర్ర కొత్త: హ్వాంగ్‌హో ఒడ్డు నుంచి అరకు కొండ దాకా

కొన్నేళ్ళ క్రితం అరకులోయకు దగ్గరలోని ఒక ఊరి బడిలో, సాయంత్రం పూట, పిల్లలకు నాలుగు చరిత్ర కబుర్లు చెప్పే అవకాశం కలిగింది. అంతకు కొద్ది రోజుల ముందే చదివిన పాత పుస్తకాల ఉత్సాహం ఇంకా చల్లారలేదు. "గదబలూ సవరలూ మాట్లాడే భాషలకు చుట్టాలు కంబోడియాలో, వియత్నాంలో ఉన్నాయి. నాలుగు వేల ఏళ్ళ నాడు దక్షిణ చైనా వైపు నుంచి వరి పండించే జనం రాతి గొడ్డళ్ళు భుజాన వేసుకుని నడుచుకుంటూ ఈ కొండలకు వచ్చారు. వాళ్ళే మీ పూర్వులు" అని చెప్పేశాను.

వెనక వరసలో ఒక గదబ అమ్మాయి లేచి నిలబడింది. "మా అమ్మమ్మ కూడా అక్కడి నుంచే వచ్చిందా సార్? మేం ఈ కొండల్లోనే పుట్టామని చెప్తాది" అంది. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వి, "అమ్మమ్మ చెప్పేది కథ, నేను చెప్పేది చరిత్ర" అన్నాను.

ఆ మాట అన్నందుకు ఈనాటికీ సిగ్గుపడుతున్నాను. ఆ తరువాత చదివిన కొద్దీ తెలిసిందేమిటంటే, ఆ పిల్ల అడిగిన ప్రశ్నే అసలైన చరిత్ర ప్రశ్న. నేను చెప్పినదే సగం కథ. ఈ వ్యాసం ఆలస్యంగా ఆ అమ్మాయికి చెప్పుకుంటున్న జవాబు.

సంతలో కొర్రలు

ఆ మర్నాడు సంతకు వెళ్ళాను. ఒక ముసలామె వెదురు బుట్టలో కొర్రలు పెట్టుకుని కూర్చుంది. "ఈ ఏటివేనా అమ్మా?" అని అడిగితే తల అడ్డంగా ఊపింది. "పాతవి బాబూ. చేలో కొత్తవి పండినాయి గానీ, కొత్త అవ్వందే ముట్టుకోం" అంది.

మన్యం ఎరుగని మిత్రుల కోసం రెండు మాటలు. విశాఖ మన్యంలో, అంటే 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాగా పిలుస్తున్న ప్రాంతంలో, పంట పండగానే తినెయ్యరు. ముందు గ్రామదేవతకూ పెద్దలకూ పెట్టాలి, ఊరంతా కలిసి పండుగ చేసుకోవాలి, ఆ తరువాతనే ఇంట్లో పొయ్యి మీదికి ఎక్కాలి. దానినే 'కొత్త' అంటారు. మామిడి కొత్త, కొర్ర కొత్త, చిక్కుడు కొత్త, కంది కొత్త అని ఏడాది పొడుగునా ఒకదాని వెంట ఒకటి వస్తాయి. పట్నంలో మనకు పండుగలు తిథిని బట్టి వస్తే, అక్కడ గింజను బట్టి వస్తాయి.

"ఈ విత్తనం మీకు ఎక్కడిది?" అన్నాను. "తాతలనాటిది" అంది. అంతకన్నా సరైన జవాబు మరొకటి ఉండదు. అయితే ఆ తాతల ముందటి తాతల సంగతి తీస్తే, ఆ బుట్ట మనను చాలా దూరం తీసుకుపోతుంది. కొర్ర మొదట మనిషి చేతి పంట అయినది ఉత్తర చైనాలో. ఆ మన్యంలోనే ప్రతి ఇంటా అంబలి కాచుకునే చోడి (మైదానం వాళ్ళు రాగి అంటారు) తూర్పు ఆఫ్రికా ఎత్తు నేలలది. సామలు మన దేశపువి. ఇక కంది సంగతి చివర చెబుతాను, ఎందుకంటే ఈ కథకు కీలకం అక్కడుంది.

హ్వాంగ్‌హో ఒడ్డున

1921లో, చైనా ప్రభుత్వ భూగర్భ శాఖకు సలహాదారుగా ఉన్న స్వీడన్ దేశస్థుడు యోహాన్ గున్నార్ ఆండర్సన్, హెనాన్ రాష్ట్రంలోని యాంగ్‌షావ్ అనే పల్లెలో తవ్వకాలు జరిపాడు. ఎర్రమట్టి కుండల మీద నల్ల రంగుతో వేసిన చిత్రాలు, నునుపు చేసిన రాతి గొడ్డళ్ళు బయటపడ్డాయి. చైనాలో నవీన శిలాయుగం ఉన్నదని తొలిసారి లోకానికి తెలిసింది అప్పుడే. ఆ ఊరి పేరే ఆ సంస్కృతికి పెట్టారు. యాంగ్‌షావ్ సంస్కృతి కాలం సుమారు క్రీ.పూ. 5000 నుంచి 3000 వరకు.

ఆండర్సన్ ఆ కుండలను చూసి ఒక నిర్ణయానికి వచ్చాడు. మధ్య ఆసియాలోనూ ఇంకా పడమరలోనూ ఇటువంటి రంగుల కుండలు దొరికాయి కనుక, ఈ విద్య పడమటి నుంచి చైనాకు వచ్చి ఉండాలన్నాడు. ఆ రోజుల్లో ఎక్కడ ఏ మంచి వస్తువు దొరికినా 'ఎవరో తెచ్చి ఇచ్చారు' అని చెప్పడం పండితులకు అలవాటు. ఆ అలవాటుకు చైనా కూడా లోబడవలసి వచ్చింది.

ఆ వాదం నిలవలేదు. 1950లలో షియాన్ నగరం పక్కన బాన్‌పో గ్రామాన్ని తవ్వారు. చుట్టూ కందకం, లోపల సగం నేలలోకి దిగిన గుడిసెలు, కుండలు కాల్చే ఆవాలు, కొర్రలు నిలవ చేసిన పాత్రలు దొరికాయి. చనిపోయిన పసిపిల్లలను పెద్ద కుండలలో ఉంచి, పైన మూకుడు బోర్లించి, ఇళ్ళ మధ్యనే పాతిపెట్టారు. కొన్ని మూకుళ్ళకు చిన్న రంధ్రం ఉంది. ప్రాణం వచ్చిపోవడానికి దారి అని దానిని వ్యాఖ్యానించారు. ఆరు వేల ఏళ్ళ కిందటి తల్లి దుఃఖం ఆ రంధ్రంలో కనబడుతుంది.

తరువాత 1970లలో హెబై రాష్ట్రంలో త్సిషాన్, హెనాన్‌లో పేలిగాంగ్ బయటపడ్డాయి. ఇవి యాంగ్‌షావ్ కన్నా వెయ్యేళ్ళకు పైగా పాతవి. త్సిషాన్‌లో లోతుగా తవ్విన పాతరలలో సుమారు ఎనభైటిలో చిరుధాన్యపు అవశేషాలు మిగిలాయి. గింజ బూడిదై పోయినా, ఊకలోని ఇసుక రేణువుల వంటి కణాలు మిగిలిపోతాయి. వాటి ఆకారాన్ని సూక్ష్మదర్శినిలో చూసి మొదట వరిగలు, ఆ తరువాత కొర్రలు ఎక్కువయ్యాయని గుర్తించారు. కొర్రకు అడవి తల్లి ఒక సామాన్యమైన గడ్డి, చేల గట్లన నక్కతోక వంటి కంకితో ఊగుతుంటుంది. దానిని కొన్ని వందల తరాల పాటు ఏరి, నాటి, కోసి మనిషి కొర్ర చేశాడు. అంటే యాంగ్‌షావ్ కుండలు చేసినవారు ఎక్కడి నుంచో ఊడిపడలేదు, అక్కడే పెరిగారు.

చైనా వారికి ఈ గింజ మీద ఎంత గౌరవమంటే, జౌ రాజవంశం తమ మూలపురుషుణ్ణి 'హౌ జీ', అంటే ధాన్యాధిపతి అని చెప్పుకుంది. కొర్ర బియ్యాన్ని అక్కడ వాడుకలో 'షియావోమీ' అంటారు, చిన్న బియ్యం అని అర్థం. ఇవాళ మన కుర్రకారు జేబుల్లో ఉండే ఒక ఫోను పేరు అదేనని చెబితే నమ్మరు గానీ, అదే మాట.

యాంగ్జీ బురదలో

చాలాకాలం చైనా నాగరికత అంతా హ్వాంగ్‌హో ఒడ్డున పుట్టి చుట్టూ పాకిందని చెప్పుకునేవారు. 1973లో జజియాంగ్ రాష్ట్రంలోని హెముడు అనే ఊళ్ళో రైతులు నీళ్ళు తోడే కేంద్రం కోసం గొయ్యి తీస్తుంటే ఆ మాటకు గండి పడింది. బురద లోతున, గాలి సోకని చోట, ఏడు వేల ఏళ్ళ నాటి ఊరు ఉంది. గుంజల మీద నిలబెట్టిన కొయ్య ఇళ్ళు ఉన్నాయి. మేకు లేకుండా ఒకదానిలో ఒకటి దూర్చి బిగించిన దూలాలు ఉన్నాయి. దున్నల రెక్క ఎముకతో చేసిన పారలు ఉన్నాయి. మందమైన పొరలుగా వరి ఊక, గడ్డి, గింజ ఉన్నాయి.

అక్కడికి కొద్ది మైళ్ళలోనే త్యెన్‌లువోషాన్ ఉంది. అక్కడి తవ్వకాల మీద 2009లో వెలువడిన పరిశోధన నాకు చాలా ఇష్టం. అడవి వరికీ ఇంటి వరికీ అసలు తేడా రుచిలో కాదు, తొడిమలో. అడవి వరి పండగానే గింజ దానంతట అదే రాలిపోతుంది, రాలితేనే దాని సంతతి నిలుస్తుంది. మనిషి కొడవలితో కోసి ఇంటికి తెచ్చుకునేది రాలకుండా మిగిలిన గింజ. మరుసటి ఏడు నాటేదీ అదే. ఇలా ఏటా జరిగితే రాలని రకం నెమ్మదిగా పెరుగుతుంది. త్యెన్‌లువోషాన్‌లో తొడిమలు లెక్కపెట్టి చూస్తే, సుమారు 6900 ఏళ్ళ క్రితం రాలని గింజలు నూటికి 27, మూడు వందల ఏళ్ళ తరువాత నూటికి 39. మూడు వందల ఏళ్ళకు పన్నెండు పాళ్ళు! ఆ మధ్యలో పది పదిహేను తరాల వారు పుట్టి గిట్టారు. వారిలో ఒక్కరికీ తాము లోకాన్ని మారుస్తున్నామని తెలియదు. అప్పటికింకా వారు అడవి కాయలే వరి కన్నా ఎక్కువ తింటున్నారు కూడా.

వ్యవసాయాన్ని ఎవరో ఒక మేధావి ఒకనాటి ఉదయం కనిపెట్టలేదు. అది కోట్ల చేతుల పని. ఆ చేతులలో ఎక్కువ ఆడవారివే అయి ఉంటాయని నా నమ్మకం.

ఆపైన లియాంగ్‌జూ (క్రీ.పూ. 3300-2300) వారు ఆనకట్టలు కట్టారు, పచ్చరాతిని చెక్కారు. షాన్‌డాంగ్ వైపు లుంగ్‌షాన్ వారు గుడ్డు పెంకు అంత పలుచని నల్ల కుండలు చేశారు. ఇవన్నీ చూసిన తరువాత 1980లలో సు బింగ్‌చీ అనే పురావస్తు శాస్త్రవేత్త చైనా నవీన శిలాయుగాన్ని ఆకాశం నిండా చెదిరి ఉన్న నక్షత్రాలతో పోల్చాడు. ఒక దీపం నుంచి వెలిగించుకున్న దీపాలు కావు అవి, ఎవరి వెలుగు వారిదే, ఒకరి వెలుగు ఒకరి మీద పడుతూనే ఉంది. ఈ మాట గుర్తుంచుకోండి, అరకులో మళ్ళీ అక్కరకు వస్తుంది.

భుజాల గొడ్డలి

ఇక నేను పిల్లలకు చెప్పిన కథ ఎక్కడిదో చెప్పాలి.

నవీన శిలాయుగపు రాతి గొడ్డళ్ళలో ఒక రకానికి పై భాగం రెండు వైపులా చెక్కి సన్నంగా ఉంటుంది. కింద అంచు వెడల్పు. చూడడానికి మెడ, భుజాలు ఉన్న బొమ్మలాగా ఉంటుంది. సన్నని భాగాన్ని కొయ్య పిడికి బిగించి కట్టుకోవడానికి వీలు. దక్షిణ చైనాలో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని షీచియావోషాన్‌లో ఇటువంటివి విరివిగా దొరికాయి. వియత్నాం, కంబోడియా, బర్మాలలో ఉన్నాయి. అస్సాం, ఛోటానాగపూర్, ఒడిశాలలో ఉన్నాయి. మన రాయలసీమ, తెలంగాణల నవీన శిలాయుగపు గొడ్డళ్ళకు ఈ భుజాలు ఉండవు. అవి వెనక మొనదేలి, అడ్డకోతలో కోడిగుడ్డులా ఉంటాయి.

1932లో వియన్నా పండితుడు రాబర్ట్ హైనే-గెల్డర్న్ పటం మీద ఈ గొడ్డళ్ళు దొరికిన చోట్లు పెట్టి చూశాడు. అవి దాదాపు ఆస్ట్రో-ఆసియాటిక్ భాషలు ఉన్న చోట్లే అయ్యాయి. కనుక భుజాల గొడ్డలి పట్టిన జనమే ఆ భాషలను భారతదేశానికి తెచ్చారని తేల్చాడు. మన ఆదిలాబాదు గోండుల మధ్య బతికిన హైమెన్‌డార్ఫ్ కూడా ఆ వియన్నా బడిలోనే చదువుకున్నాడు. గదబలూ బొండాలూ చనిపోయిన వారి కోసం రాళ్ళు నిలబెట్టే తంతు మీద ఆయన 1943లో వ్యాసం రాశాడు. ఊరి నడుమ బల్లరాళ్ళు గుండ్రంగా పేర్చి పెద్దలు కూర్చునే 'సదర్' గదబల ఊళ్ళలో ఉంటుంది. రాళ్ళు, గొడ్డలి, భాష, వరి అన్నీ ఒకే మూటగా కట్టి, ఒకే జనం నెత్తిన పెట్టి, ఒకే దారిన నడిపించడం ఆ కాలపు పద్ధతి.

అందమైన కథ. నేనూ అందుకే నమ్మాను. అయితే మూట విప్పి చూస్తే ఒక్కో వస్తువు ఒక్కో దారి చెబుతుంది.

గొడ్డలి సంగతే చూడండి. పనిముట్టు ఆకారం మనిషితో పాటు ప్రయాణం చెయ్యనక్కరలేదు. పొరుగు ఊరి వాడి దగ్గర చూసి నేర్చుకోవచ్చు. కొన్నిటిని రాగి, కంచు గొడ్డళ్ళను చూసి రాతిలో చేసిన అనుకరణలని అన్న పండితులు కూడా ఉన్నారు. గొడ్డలి దొరికితే గొడ్డలి దొరికినట్టే, అది పట్టుకున్నవాడు ఏ భాషలో మాట్లాడాడో అది చెప్పదు.

గిడుగు వారి లెక్క

భాష సాక్ష్యం మాత్రం బలమైనది. ఇక్కడ మన గిడుగు రామమూర్తి పంతులు గారిని తలచుకోకుండా ముందుకు పోలేం. వ్యావహారిక భాషోద్యమ నాయకుడుగానే ఆయన మనకు తెలుసు. పర్లాకిమిడిలో ఉంటూ కొండ దిగివచ్చే సవరల భాష నేర్చుకుని, బళ్ళు పెట్టించి, 1931లో సవర భాషకు వ్యాకరణాన్ని, 1938లో నిఘంటువును అచ్చు వేయించిన మనిషి కూడా ఆయనే.

సవరల లెక్క వినండి: అబొయ్, బాగు, యాగి, ఉంజి... ఇలా పది దాకా పోయి, పది 'గెల్‌జి'. పదకొండు 'గెల్‌ముయ్'. పన్నెండు 'మిగ్గల్'. అక్కడి నుంచి పదమూడు అంటే పన్నెండూ ఒకటి! మనలా పదులతో కాక పన్నెండుతోనూ ఇరవైతోనూ లెక్కించే భాష అది. ఆ 'గెల్‌ముయ్'లోని 'ముయ్' అంటే ఒకటి. కంబోడియా ఖ్మేర్ భాషలో ఒకటిని 'ముయ్' అనే అంటారు. సంతాలీలో నాలుగు 'పొన్', వియత్నామీలో 'బొన్'. సంతాలీలో కన్ను 'మెత్', వియత్నామీలో 'మత్'. దంచిన బియ్యాన్ని సవరలు 'రుంకు' అంటారు, ఖ్మేర్ వారు 'అంగ్‌కా' అంటారు. ఈ రెండూ ఒకే మూలపదం నుంచి వచ్చినవని భాషావేత్తల నిర్ణయం. నార్మన్ జైడ్, ఆర్లీన్ జైడ్ 1976లో ముండా భాషల పాత వ్యవసాయ పదాలను పోగుచేసి, ఆ ఆది ముండా జనం వరి, చిరుధాన్యాలు ఎరిగిన రైతులేనని చూపించారు.

ఇంతవరకూ నేను పిల్లలకు చెప్పినది నిజమే. పాల్ సిడ్వెల్, ఫెలిక్స్ రావ్ అనే పండితులు ఇంకొక అడుగు వేసి, ఆ భాష కొండదారిన కాక సముద్రం మీదుగా, మహానది ముఖద్వారం దగ్గర, సుమారు 4000-3500 ఏళ్ళ క్రితం ఒడ్డుకు చేరిందని వాదిస్తున్నారు.

అయితే చిక్కు కూడా భాషలోనే ఉంది. 'గదబ' అన్న పేరుతో రెండు భాషలున్నాయి. గుతోబ్ గదబ ముండా భాష. ఒల్లారి గదబ, దానికి దగ్గరైన కొండేకోర్ గదబ మన తెలుగుకు చుట్టాలైన ద్రావిడ భాషలు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి అరకు ప్రాంతంలో తిరిగి 1969లో వ్యాకరణం ప్రకటించిన కొండ (కూబి) కూడా ద్రావిడమే. ఇక ఇప్పుడు సంతలో అందరికీ అర్థమయ్యేది తెలుగు, ఆదివాసీ ఒడియా. ఒకే పేరు గల జనం రెండు మూడు భాషా కుటుంబాల మధ్య మసలుతూ ఉంటే, భాషను చూసి రక్తాన్ని చెప్పడం ఎంత సాహసమో ఊహించండి.

అమ్మమ్మ ప్రశ్నకు జవాబు

ఆ పిల్ల ప్రశ్నకు జవాబు జన్యుశాస్త్రం ఇచ్చింది, అదీ ఆమె అడిగిన మాటలతోనే.

తండ్రి నుంచి కొడుకుకు మాత్రమే సంక్రమించే జన్యుభాగం ఒకటి, తల్లి నుంచి బిడ్డలకు సంక్రమించేది మరొకటి ఉన్నాయి. ముండా భాషలు మాట్లాడేవారి తండ్రి గీతలో ఆగ్నేయాసియాకు చెందిన శాఖ ప్రధానంగా కనబడుతుంది. తల్లి గీత మాత్రం దాదాపు అంతా భారతదేశపుదే. 2011లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనం ఈ తేడాను స్పష్టంగా చూపింది. 2019లో మరొక అధ్యయనం ఈ కలయిక సుమారు 3800 నుంచి 2000 ఏళ్ళ క్రితం మధ్య జరిగిందనీ, మొత్తం వారసత్వంలో తూర్పు నుంచి వచ్చిన వాటా సుమారు నాలుగో వంతేననీ చెప్పింది. వియత్నాంలోని మన్‌బాక్ అనే నాలుగు వేల ఏళ్ళ నాటి శ్మశానంలో దొరికిన అస్థికలు కూడా ఇటువంటి సంగతే చెబుతున్నాయి. అక్కడ కూడా దక్షిణ చైనా వైపు నుంచి వచ్చిన రైతులు, ముందే ఉన్న వేటగాళ్ళు కలిసిపోయారు.

అంటే ఏమిటి? వచ్చినవారు కొద్దిమంది, వారిలో ఎక్కువ మంది మగవారు. ఇక్కడ అప్పటికే ఉన్న ఆడవారిని పెళ్ళాడి ఇక్కడివారైపోయారు. తాత భాష నిలిచింది, అమ్మమ్మ నేల నిలిచింది. "మేం ఈ కొండల్లోనే పుట్టాం" అని ఆ అమ్మమ్మ చెప్పినది కట్టుకథ కాదు. ఆమె వరకూ అక్షరాలా నిజం.

గింజల దారి మరీ విచిత్రం. థాయిలాండులోని నాన్ పా వాయ్ అనే చోట కొర్ర క్రీ.పూ. మూడో సహస్రాబ్ది చివరికే చేరింది, అక్కడ వరి కన్నా ముందే. అలాగే అస్సాం వైపు నుంచి మనకు చేరిందా, మధ్య ఆసియా మీదుగా చేరిందా అనే చర్చ ఉంది. దక్షిణ భారతదేశంలో బూడిద దిబ్బలు విడిచిన పశుపాలకులు, అంటే 1957లో ఆల్చిన్ తవ్విన ఉట్నూరు వంటి ఊళ్ళ వారు, సంగనకల్లు వారు, చైనా కొర్ర రాక మునుపే మన అండుకొర్రలను, ఉలవలను, పెసలను స్వయంగా సాగులోకి తెచ్చారు. చేయి తిరిగినవారు కనుకనే కొత్త గింజ రాగానే పొలంలో చోటిచ్చారు. వరి కూడా అంతే. గంగా మైదానంలో లహురాదేవా వంటి చోట్ల మనవారు అడవి వరిని ఏనాటి నుంచో తింటున్నారు. గింజ రాలకుండా ఉండే లక్షణం చైనా వరితో సంకరమై వచ్చింది. మన అన్నంలో రెండు నదులున్నాయి.

ఇక కంది. కందికి అడవి తల్లి ఎక్కడ మొలుస్తుందో తెలుసా? బస్తర్, కోరాపుట్, మన తూర్పు కనుమల అడవులలో. ఒడిశాలో గోపాల్‌పూర్, గోల్‌బాయ్ సాసన్ అనే నవీన శిలాయుగపు దిబ్బలున్నాయి. గోల్‌బాయ్‌లో 1991లో జరిపిన తవ్వకాలలో భుజాల గొడ్డళ్ళు, గుండ్రని గుడిసెల ఆనవాళ్ళు దొరికాయి. తరువాత ఈ ఊళ్ళ మట్టిని నీళ్ళలో కడిగి చూస్తే వరి, పెసర, ఉలవలతో పాటు గోపాల్‌పూర్‌లో కంది కనబడింది. పప్పు లేనిదే మనకు భోజనం లేదు. సాంబారు నుంచి ముద్దపప్పు దాకా, ఆపైన ఆఫ్రికా ఖండం దాకా పోయిన ఆ గింజను ముందు మచ్చిక చేసినది ఈ కొండల చుట్టుపక్కలి జనమే. ఆ దాతల పేరు ఏ శాసనంలోనూ లేదు. కంది కొత్త ఒక్కటే వారికి మిగిలిన శాసనం.

ఎందుకింత చర్చ?

ఒకసారి కిరండూల్ రైల్లో, బొర్రా సొరంగాలు దాటుతుండగా, ఎదుటి సీటు పెద్దమనిషి ఒకరు అన్నారు: "వీళ్ళు కూడా ఎక్కడో చైనా నుంచి వచ్చినవాళ్ళేనట కదండీ. మరి కొండ వీళ్ళదే అని చట్టం ఏమిటి?" నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఆ మాటకు మూలం నేను చెప్పుకుంటూ తిరిగిన కథ.

ఆ రైలు పోతున్న అనంతగిరి మండలంలోని బొర్రా చుట్టుపక్కల గ్రామాలలో గనుల లీజుల మీదనే సమతా కేసు నడిచింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు గనులకు ఇవ్వరాదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1970 నాటి ఒకటో నిబంధన అంతకు ముందే భూమి చేతులు మారకుండా అడ్డు నిలిచింది. ఈ హక్కులు ఎవరు ముందు వచ్చారన్న పందెం మీద ఆధారపడినవి కావు. అయినా, ఎప్పుడు ఎవరికి కొండ కావలసి వచ్చినా ముందు అక్కడివారి పూర్వులను ఎక్కడికో పంపించేయడం మొదలవుతుంది. ఆండర్సన్ యాంగ్‌షావ్ కుండలకు చేసినది సరిగ్గా ఇదే, దురుద్దేశం లేకపోయినా.

వలస నిజం. కలయిక అంతకన్నా నిజం. 'వచ్చినవారు' అన్న మాట ఒక్కటే పట్టుకుంటే హ్వాంగ్‌హో కొర్ర, ఆఫ్రికా చోడి, అమెరికా మిరపకాయ తినే మనమెవరం? సు బింగ్‌చీ చెప్పిన నక్షత్రాలలో ఈ కొండలు కూడా ఒకటి. వెలుగు తీసుకున్నాయి, ఇచ్చాయి.

ఇచ్చిన దానికి లెక్క ఉంది. 1950లలో జయపురం సీమలో వరి రకాలు సేకరిస్తే పదిహేడు వందలకు పైగా తేలాయి. ఆ వారసత్వాన్ని గుర్తించి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో కోరాపుట్ సంప్రదాయ సేద్యాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వాల పట్టికలో చేర్చింది. పాత విత్తనాలను ఇంటింటా తిరిగి పోగుచేసిన కమలా పూజారి అనే పరోజా స్త్రీకి 2019లో పద్మశ్రీ ఇచ్చారు. ఆమె 2024లో కన్నుమూశారు. త్యెన్‌లువోషాన్‌లో తొడిమ చూసి గింజ ఏరిన పేరు తెలియని స్త్రీలకు ఆమె సరాసరి వారసురాలని నాకనిపిస్తుంది.

పోతున్న దానికీ లెక్క ఉంది. 2011 జనగణనలో సవర మాట్లాడేవారు నాలుగు లక్షల పైచిలుకు, గదబ మాట్లాడేవారు సుమారు నలభై ఒక్క వేలు. మన రాష్ట్రపు గదబ పిల్లల్లో చాలామందికి ఆ భాష ఇంట్లో కూడా లేదు. మట్టిలోని ఊక ఏడు వేల ఏళ్ళు నిలుస్తుంది. నోటిలోని మాట ఒక్క తరం పలకకపోతే పోతుంది, దానిని ఏ పురావస్తు శాఖ తవ్వి తియ్యలేదు.

ఆ రోజు సంతలో ముసలామె దగ్గర రెండు మానికల కొర్రలు కొన్నాను. ఆమె కొలిచి పోసి, పైన ఒక గుప్పెడు కొసరు వేసింది. "పండక్కి రా బాబూ, కొత్త తిందువు గాని" అంది. అప్పుడు వెళ్ళలేకపోయాను. ఈసారి వెళ్ళాలని ఉంది. వెళితే ఆ బడి దారిన కూడా పోవాలి. ఆ అమ్మాయి ఈపాటికి పెద్దదై ఉంటుంది. ఎక్కడుందో కనుక్కుని, "మీ అమ్మమ్మ చెప్పిందే సరి అమ్మా, నాకు తెలిసేటప్పటికి ఇన్నాళ్ళు పట్టింది" అని ఒక్క మాట చెప్పి రావాలి.